తగిలిందా అని సార్ అడిగిండు

ఫుట్‌బాల్ ఆడి నౌకరి సంపాదించిన అంటే అమీర్‌పేట్‌ల ఇప్పుడు ఎవ్వడు నమ్మడు. నమ్మినోడు సుత మొహం అదోతీరుగ పెట్టి, "అంటే, పొద్దంత ఏం చేస్తుంటివి అంకుల్?" అంటడు. నిజం చెప్పాల్నంటే నాకే సరిగ తెల్వది. గ్రౌండ్‌కు పోతే "ఆఫీసాయన వచ్చిండు" అనేటోళ్లు. ఆఫీసుకు పోతే "ఆటగాడు వచ్చిండు" అనేటోళ్లు. రెంటికి చెడ్డ రేవడ అని మా అమ్మ తిడుతుండె.

మా గ్రౌండ్‌ల పొద్దుగాల పిల్లలకు ఆట నేర్పే కోచ్ మొన్న ఇంటికొచ్చిండు. "బాలన్నా, కొత్తగ ముందల ఆడేటోళ్లు మస్తుమంది తయారైతున్నరు, నీ అనుభవం జర రాసియ్యి" అన్నడు. రాస్త గని ఒక షరతు. ఎన్ని కప్పులు, ఎన్ని ప్రమోషన్లు అని నన్ను అడగొద్దు. కప్పులు ఆఫీసు బీరువల తుప్పు పట్టినయ్, ప్రమోషన్లు అందరికి వచ్చినట్టే వచ్చినయ్. నా నౌకరి అంత ఒక్క గోల్ మీద నిలబడ్డది. ఆ గోల్ నేను కొట్టిన్నా, కొట్టలేదా అన్నది ఇయ్యాల్టికి నాకు తెల్వది. గది చెప్తనే మిగిలింది చెప్పినట్టు.

నిలబడుడే పని

మీరు స్ట్రైకర్ అంటున్నరు, ఆఫీసు కాగితాలల్ల సుత గట్లనే రాసేటోళ్లు, గ్రౌండ్‌ల మేము సెంటర్ ఫార్వర్డ్ అంటుంటిమి. పేరు ఏదైనా పని ఒక్కటే, నిలబడుడు. తొంభై నిమిషాల ఆటల బంతి నీ కాలికాడ ఉండేది మహా అయితే రెండు నిమిషాలు. మిగిలిందంత గోల్‌కు ఈపు పెట్టి నిలబడాలె. ఎదుటోళ్ల స్టాపర్, అంటే నడుమ అడ్డుండే బ్యాకు, ఎనుకనుంచి మోచెయ్యితోని నడుముల పొడుస్తుంటడు, చెవుల మీ అమ్మమ్మను సుత తిడుతుంటడు. నువ్వు ఏం అనొద్దు. అన్నవా, గా రెండు నిమిషాలు సుత పాయె.

మా కోచ్ ఖాదర్ సాబ్. ఒకప్పుడు బూట్లు లేకుంట ఆడిన మనిషి. బుగ్గల పాన్ పెట్టుకొని, నన్ను గోల్‌కు ఈపు పెట్టి నిలబెట్టి, "బాల్‌రాజ్, గోల్ కిధర్?" అని అడిగేటోడు. నా పేరు బాలరాజు. మా నాయిన పెట్టిన పేరును ఆ గ్రౌండ్ బాల్ రాజ్ చేసింది. మైకుల సుత గట్లనే చదివేటోళ్లు, జనం నవ్వేటోళ్లు. నేను తిరగకుంట చెయ్యి ఎనుకకు చూపాలె. జానెడు పక్కకు పోయినా గ్రౌండ్ చుట్టు ఒక రౌండు. ఆరు నెలలు గిదే. నాకైతే అప్పుడు మా కోచ్‌కు పిచ్చి లేసింది అనిపించింది. తర్వాత తెలిసింది, బంతి వచ్చినంక గోల్ యాడుందో చూసుకునేటోడు ఫార్వర్డ్ కాదు.

ఇంకోటి నేర్పిండు. గది మంచిదో చెడ్డదో నాకు ఇంక తేలలే. గోల్ ముందల గుంపుల బంతి లోపలికి పోయిందనుకో, ఎవని కాలికి తగిలిందో చూడొద్దు. "పైలే హాత్ ఉఠా, బాద్ మే సోచ్" అనేటోడు. ముందుగాల చెయ్యెత్తు, తర్వాత సోచాయించు. రెఫరీ ఎవని చెయ్యి ముందు లేస్తే వాని నంబరు రాసుకుంటడు. బ్యాకులకు ఈ అలవాటు ఉండది, ఫార్వర్డ్‌లకు ఉంటది. అన్నం ముందల కూసుంటే చెయ్యి కంచంలకు పోయినట్టు, గోల్ అయితే చెయ్యి పైకి పోతుండె.

రఫీక్

రఫీక్ నాకంటె మూడేండ్లు చిన్నోడు. పంజాగుట్ట గల్లీల వాళ్ల అబ్బాకు సైకిళ్ల షాపు. నాకు కుడిదిక్కు ఆడేటోడు. బక్కగ, నిమ్మళంగ ఉండేటోడు, ఉర్కితే మాత్రం లైను మీద సున్నం లేచేది. నేను కొట్టిన పది గోల్‌లల్ల ఏడు వాడు అందించినయే. ఇది వినయం కోసం చెప్తలేను. నేను వినయమున్నోన్ని కాను, మా ఇంట్ల అడుగుర్రి. లెక్కగ చూస్తే గదే నిజం.

నేను, వాడు ఒక సర్కారు కంపెనీ టీంల ఆడుతుంటిమి. ఆఫీసు పంజాగుట్టల, మెయిన్ రోడ్డు మీదనే. టీంల మిగిలినోళ్లంత పర్మనెంట్. మేమిద్దరమే టెంపరరీ, ఏటేటా సంతకం పెట్టిచ్చుకునేటోళ్లం. పొద్దున పదింటికి పోయి ఫైళ్లు కట్టలు కట్టాలె, మధ్యాన్నం మూడింటికి గ్రౌండ్‌కు పోవాలె.

ఆ ఏడు హెడ్డాఫీసు ఆటగాళ్ల కోటాల ఒక్కటే పోస్టు ఇచ్చింది. మా స్పోర్ట్స్ చూసే అధికారి మూర్తి గారు, కోస్తా ఆయన. ఇద్దరిని పిలిచి కుర్చీలేసి కూసోబెట్టిండు.

"చూడండి బాబూ, నాకు ఇద్దరూ ఒకటే. కానీ పోస్టు ఒకటే. పైవాళ్లకి నేనేం రాయాలి? బాగా ఆడతాడని రాస్తే ఏంటి రుజువు అంటారు. ఈ టోర్నమెంట్లో ఎవరి గోల్స్ ఎక్కువైతే వాళ్లకి. సరేనా?"

రఫీక్ జల్ది తలకాయ ఊపిండు. నేను సుత ఊపిన. బయటికొచ్చినంక వాడు నవ్వుకుంట, "ఏంది అన్నా, ఇగ నీకు బంతి ఇయ్యాల్నా వద్దా?" అన్నడు. ఇద్దరం నవ్వినం. గని నేను ఆ రాత్రి ఇంటి లెక్కలు ఏసుకుంట కూసున్న. మా నాయిన అమీర్‌పేట్‌ల దర్జీ. నేత పని బందయితే ఊరిడిసి వచ్చి మిషను పెట్టుకున్నడు. అప్పటికే కండ్లు మసకలైతుండె, సూదిల దారం నేను ఎక్కియ్యాల్సి వచ్చేది. నా పెండ్లయి ఏడాది. సుజాతకు ఏడో నెల. రఫీక్ ఇంట్ల సుత ఏం తక్కువ కష్టం లేదు. వాని ఎనుక ముగ్గురు చెల్లెండ్లు.

ఫికర్ చెయ్యకు అని మీకు చెప్పను. ఫికర్ అయితది. గిసొంటి ఆటల ఫికర్ లేనోడు ఉండడు.

రఫీక్ బంతి ఇచ్చుడు మాత్రం బంద్ చెయ్యలే. గదే నాకు అర్థం కాలే. ఫైనల్‌కు వచ్చేసరికి నాయి అయిదు, వానియి అయిదు. నా అయిదుల మూడు వాడు ఇచ్చినయ్. నేను వానికి ఇచ్చినయ్ ఎన్ని అంటే, ఒక్కటి. అది సుత తప్పిపోయి వాని కాడికి పోయిన బంతి.

ఛోడ్, దౌడ్

ఈ ముచ్చట జర మంచిగ వినుర్రి, ఇక్కడనే ఉన్నది అంత.

మా టీంల సగం తెలుగోళ్లు, సగం ఉర్దూ మాట్లాడేటోళ్లు. గ్రౌండ్‌ల మాత్రం అందరం ఉర్దూలనే ఒర్రాలె అని ఖాదర్ సాబ్ రూలు పెట్టిండు. "ఇడిసిపెట్టు" అనేలోపల బంతి పాయె. "ఛోడ్" అంటే అయిపాయె. బంతిని ముట్టొద్దు, పోనియ్యి అని. "దౌడ్" అంటే ఉర్కు, ఇది నీకే అని. రెండు మాటలు. రెండు ఉల్టా మాటలు. గని గాలి గట్టిగుంటె, చుట్టు జనం లొల్లి ఉంటె, రెండు ఒక్కతీరే ఇనబడతయ్. ఇన్నేండ్లల్ల ఈ సంగతి ఒక్కరికి తట్టలే, చూడుర్రి మా తెలివి.

ఫైనల్ మ్యాచ్. సగం ఆట అయినంక సుత గోల్ లేదు. ఇంక పది నిమిషాలుందనంగ రఫీక్ కుడిదిక్కు నుంచి ఇద్దరిని దాటిండు. మూల మీదికి పోతడనుకున్న, పోలే. లోపలికి మలిగి బంతిని గట్టిగ కొట్టిండు, నేల మీదికెళ్లే, అవతలి స్తంభం దిక్కు. నేను ఇద్దరు బ్యాకుల నడుమకెళ్లి ఉర్కుతున్న. గప్పుడు రఫీక్ ఒర్లిండు.

ఛోడ్ అన్నడు. నాకు ఛోడ్ అనే ఇనబడ్డది. అంటే ఇది నీకిచ్చిన పాసు కాదు, నేను గోల్‌కు కొట్టిన, ముట్టకు అని. దౌడ్ అన్నడేమో మరి, గట్లయితే నాకిచ్చిన పాసే, నా కాలు తగలకుంట లోపలికి పోయేది కాదు. గని నా కాలు అప్పటికే లేసింది. లేసిన కాలును ఎట్ల ఆపుతం? బంతి లోపలికి పోయింది. గోల్‌కీపర్ పడ్డడు, స్టాపర్ నా మీద పడ్డడు, మట్టి లేసింది. నా బూటు మొనకు ఏదో తగిలినట్టు అయింది. అది బంతినా? మట్టిపెడ్డనా? స్టాపర్ కాలా? తెల్వదు. దేవుని మీద ఒట్టు, తెల్వదు.

నేను పండుకునే చెయ్యెత్తిన. అక్కడ రఫీక్ సుత చెయ్యెత్తిండు. రెఫరీ నాకు దగ్గర ఉండె. తొమ్మిదో నంబరు రాసుకున్నడు. తొమ్మిది నాది.

ఒకటి సున్నతోని గెలిచినం. అందరు నన్ను ఎత్తుకున్నరు. నేను నవ్వుతున్న గని, రఫీక్ ఎక్కడ అని చూస్తున్న. వాడు మా టీం టెంటు పక్కకు నేల మీద కూసొని బూట్ల దారాలు ఇప్పుకుంటుండు.

మూర్తి గారు నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యేసి పక్కకు తీస్కపోయిండు.

"బాలరాజూ, రెఫరీ నీ పేరే రాశాడు. కానీ మనవాళ్లు ఒకరిద్దరు, రఫీక్ కొట్టింది నేరుగా వెళ్లిందంటున్నారు. నాకు ఆట సరిగ్గా తెలీదయ్యా. నువ్వే చెప్పు. నీ కాలికి తగిలిందా?"

రఫీక్ పది అడుగుల దూరంల ఉన్నడు. తలకాయ ఎత్తలే. దారం ముడి పడ్డట్టుంది, పండ్లతోని ఇప్పుతుండు.

"తగిలింది సార్" అన్న.

ఎట్లన్ననో నాకు తెల్వది. చెయ్యి లేసినట్టే నోరు సుత లేసింది. మూర్తి గారు "సరే, అయితే సరే" అని పోయిండు. పెద్ద బరువు దిగినట్టు పోయిండు. రఫీక్ లేసొచ్చి చెయ్యి కలిపిండు. "ముబారక్ అన్నా" అన్నడు. చెయ్యి చల్లగుండె. నేను ఏం అడగలే.

మూర్తి గారి మీద నాకు కోపం లేదు. చెడ్డాయన కాదు. ఆట తెల్వనోడు గోల్‌లు లెక్కపెడతడు, ఇంకేం చేస్తడు మరి? ఒక్క తప్పు చేసిండు. అడగాల్సినోళ్లు ఇద్దరుంటె ఒక్కన్నే అడిగిండు. ముందు ముందు మీరెవరన్న సెలెక్టర్లయితే యాదుంచుకోర్రి. చెయ్యెత్తినోన్నే అడగొద్దు, కూసున్నోన్ని సుత అడుగుర్రి.

స్ట్రైకర్ అని రాసిన ఫైలు

నౌకరి పర్మనెంట్ అయింది. బిడ్డ పుట్టింది. నాయిన మిషను పక్కకు పెట్టిండు. ఇంట్ల అందరికి సంబురం. నేను మాత్రం తేలు కుట్టిన దొంగ లెక్క తిరుగుతుంటి. దొంగనో కాదో తెలిస్తే సుత జర నిమ్మళముండేది. గది సుత తెల్వకపాయె.

రెండేండ్లకు టీం ఎత్తేసిన్రు. ఆటలకు ఇచ్చుడు బంద్ అన్నరు, టెంపరరీ అని రఫీక్ సంతకం సుత ఆగిపోయింది. నన్ను ఇన్‌వర్డ్ సెక్షన్‌ల కూసోబెట్టిన్రు, వచ్చిన ఉత్తరాల మీద ముద్ర కొట్టుడు. గప్పుడే బయటి నుంచి కొత్త మేనేజర్ వచ్చిండు. నా ఫైలు తెరిచి, పిలిపిచ్చి, తలుపు దగ్గరికి ఏసిండు.

"చూడండి, మీ గతం ఏంటో నాకు తెలుసు. నా ఆఫీసులో అలాంటివి కుదరవు."

"ఎసొంటియి సార్?"

"తెలీనట్టు అడక్కండి. మీ ఫైల్లోనే రాసుంది, స్ట్రైకర్ అని. ఎన్ని స్ట్రైకులు చేయించారు?"

నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో సమజ్ కాలే. ఫుట్‌బాల్ సార్ అని చెప్పిన. ఆయన నమ్మలే. మరి ఇప్పుడు ఆడట్లేదేంటి అన్నడు. టీం లేదు సార్ అన్న. టీం లేకుండ ఆటగాడేంటయ్యా అన్నడు. నేను పోయి మళ్ల ముద్ర అందుకున్న. రిటైర్ అయ్యేదాంక గదే కొట్టిన.

ఒక మాట సీదా చెప్త. కోటాల నౌకరి వస్తే పని నేర్చుకోర్రి. నేను నేర్చుకోలే. ఆటగాన్ని గదా, నాకెందుకు అనుకున్న. ఆఫీసుల కంప్యూటర్లు వచ్చినప్పుడు నాకంటె పదేండ్లు పెద్దోళ్లు నేర్చుకున్నరు. నేను ముద్ర పట్టుకొని కూసున్న. అది బద్ధకం గూడ కాదు. ఈ కుర్చీ నాది కాదేమో అన్న శంక. మంచిగ పనిచేస్తే నిజంగ నాదైపోతదేమో అన్నట్టు ఉండేది. పిచ్చి గాదు మరి?

అమీర్‌పేట్‌ల కాగితం

గప్పటికి అమీర్‌పేట్ అమీర్‌పేట్ లెక్క లేదు. మా నాయిన మిషను పెట్టుకున్న గదిల కంప్యూటర్ కోర్సు నేర్పే దుకానం పడ్డది. ఎక్కడ చూసినా బోర్డులే, బోర్డు మీద బోర్డు. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు చేతుల ఫైళ్లు పట్టుకొని, మ్యాచ్ ఇడిసినప్పటి జనం లెక్క రోడ్డు మీద నిండి ఉండేటోళ్లు. మా నాయిన కండ్లు కనబడకున్నా కొన్ని దినాలు ఇంటర్వ్యూ ప్యాంట్లు కుట్టిచ్చిండు, పక్క షాపాయన చేత.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి నడుసుకుంట వస్తున్న. ఎవరో చేతుల కాగితం పెట్టిన్రు. "జావా, డాట్ నెట్, డెమో ఫ్రీ." చూసిన. రఫీక్.

వాడే ముందు నవ్విండు. "క్యా అన్నా, జావా నేర్చుకుంటవా?"

"నాకెందుకుర. నువ్వు నేర్చుకుంటున్నవా?"

"పగలు కాగితాలు పంచుత, సాయంత్రం ఎనుక బెంచీల కూసొని, పైసలియ్యకుంట ఫుకట్‌ల వింటున్న. జావా సమజ్ అయితలేదు గని, కంప్యూటర్ డబ్బా ఇప్పి చూస్తే సమజ్ అయితుంది."

చెల్లెండ్ల గురించి అడిగిన. నా బిడ్డ గురించి అడిగిండు. ఖాదర్ సాబ్ మోకాలు గురించి మాట్లాడుకున్నం. అన్ని మాట్లాడుకున్నం, గది తప్ప. నోటిదాంక వచ్చింది, మింగిన. అడిగితే ఏమంటడో అని భయం. నీ కాలికి తగల్లే అన్నా అంటే, రేప్పొద్దున లేసి ఆఫీసుకు ఎట్ల పోవాలె?

తర్వాత వాడు అక్కడనే గల్లీల రిపేరు షాపు పెట్టిండు. చెల్లెండ్ల పెండ్లిళ్లు చేసిండు. మూడు పెండ్లిళ్లకు నేను పోయిన. బిర్యానీ తిన్న. మూడుసార్లు అడుగుదామనుకున్న, మూడుసార్లు అడగలే. పిలిచి అన్నం పెట్టినోన్ని ఏమని అడుగుత?

అడిగిన రోజు

రిటైర్ అయిన వారానికి ఇంట్ల ఉన్న కీబోర్డు చంకల పెట్టుకొని వాని షాపుకు పోయిన. వాడు కండ్లద్దాలు పైకి జరిపి, దానిని తిప్పి చూసిండు, ఒక్కొక్క బటన్ కొట్టి చూసిండు.

"దీనికేం కాలేదు అన్నా."

"తెలుసు."

"మరి?"

షాపుల ఎవ్వరు లేరు. ముప్పై ఏండ్లు మోసిన మాట, బయటికి తీస్తే ఇంత చిన్నగుంది. "ఫైనల్‌ల నువ్వు ఛోడ్ అన్నవా, దౌడ్ అన్నవా?"

ఏ ఫైనల్ అని అడగలే వాడు. కీబోర్డు మెల్లగ బల్ల మీద పెట్టిండు.

"టెంటు కాడ నువ్వు నా దిక్కు చూసినవ్" అన్నడు. "నేను తల ఎత్తలే గని నాకు ఎరుకే. అన్న అడుగుతడు, అడిగితే చెప్దామని దారాలు ఇప్పుకుంట కూసున్న. ఇప్పిన దారాలు మళ్ల కట్టి మళ్ల ఇప్పిన. నువ్వు సార్‌కు చెప్పినవ్. నన్ను అడగలే."

"ఇప్పుడు అడుగుతున్న గద, రఫీక్."

"ఇప్పుడా?" నవ్విండు, గని అది నవ్వు కాదు. "అప్పుడు పక్కా తెలుసు అన్నా. తర్వాత కోపమొచ్చిన దినం ఛోడ్ అన్న అనుకునేటోన్ని. నీ బిడ్డను చూసిన దినం దౌడ్ అన్న అనుకునేటోన్ని. అట్ల అనుకొని అనుకొని... అల్లా కసమ్, ఇప్పుడు నాకు సుత తెల్వది."

నాకు ఏడుపొచ్చింది. షాపులనే ఏడ్చిన, సిగ్గేం పడలే. వాడు ఫ్యాను నా దిక్కు తిప్పిండు. మంచినీళ్లు తెప్పిచ్చిండు.

పిల్లలూ, గోల్ నాదా వానిదా అన్నది ఇగ తేలది. ఆ మాట తెలిసిన మనిషి ఒక్కడే ఉండె, వాడు నా కోసం బూట్ల దారాలు కట్టుకుంట, ఇప్పుకుంట కూసున్నడు, నేను పది అడుగులు నడవలే. మీరు ఎన్ని గోల్‌లన్న కొట్టుర్రి, ఎన్నన్న తప్పుర్రి, కొంపలేం మునగయ్. పక్కోన్ని అడిగేది ఏమన్న ఉంటే మాత్రం ఆ దినమే అడుగుర్రి, చెమట ఆరకముందే.